కురుమమ్మ పోల్చి చూసిన ఇద్దరు మేనేజర్లు

చిక్కడపల్లి రోవర్స్ ఫుట్‌బాల్ క్లబ్బులో కురుమమ్మది బట్టలుతికే ఉద్యోగం. మేనేజర్లను పోల్చే పని మాత్రం ఆమె తనంతట తానే నెత్తికెత్తుకుంది.

ఇరవై రెండేళ్ల కిందట కోస్గి వైపు నుంచి భర్త పీరయ్యతో నగరానికి వచ్చింది. అశోక్‌నగర్‌లో లేచిన అపార్టుమెంట్లు ఎన్నింటికో ఇటుకలు మోసింది. ఇక మెట్లెక్కలేమని మోకాళ్లు మొరాయించాక, క్లబ్బు గది వెనక ఒక కుళాయి, ఒక బండ, బట్టలారేసే రెండు తీగలు ఆమెకు దక్కాయి.

అప్పట్లో మేనేజరు జగన్నాథరావు గారు. బ్యాంకులో రిటైరై వచ్చి పదకొండేళ్లు క్లబ్బును నడిపారు. కనిపించగానే "ఏమ్మా, మోకాళ్లెలా ఉన్నాయి?" అని అడగనిదే లోపలికి వెళ్లేవారు కాదు. జట్టు గెలిచినా ఓడినా కుర్రాళ్లకు నారాయణగూడ నుంచి మిరపకాయ బజ్జీలు తెప్పించేవారు. ఓడిన రోజు ఓదార్పుకని తలా రెండు ఎక్కువ. ఆ లెక్కన ఆ పదకొండేళ్లలో జట్టు చాలా బజ్జీలు తిన్నది.

పోయిన వేసవిలో ఆయన గుండెకు స్టెంటు వేశారు. ఆయన స్థానంలోకి విద్యానగర్ నుంచి సంతోష్ వచ్చాడు. ముప్పై ఐదేళ్లవాడు. అరవడు, తిట్టడు, మెచ్చుకోవడం అసలే లేదు. మొదటి వారమే బజ్జీలు ఆపించి ఉడకబెట్టిన పల్లీలు పెట్టించాడు.

"రావు సారుండంగ గిట్లుండెనా?" అని కురుమమ్మ బండ మీద నిక్కరును చాచి కొట్టింది. "ఆడే పిలగాండ్లకు పల్లీలు పెడ్తరా? ఆళ్లేమన్న ఉడుతలా?"

ఆ రోజు మొదలు ఆమె నోటికి తీరిక లేదు. రావు సారు గొంతెత్తితే ముషీరాబాద్ దాకా వినపడేది, ఈయన పక్కనున్నా ఉన్నట్టు తెలియదు. రావు సారు మోకాళ్ల సంగతి అడిగేవారు, ఈయన మేజోళ్ల సంగతి అడుగుతాడు. "కానీ గెలుస్తున్నం గదా" అని గోల్‌కీపర్ జైపాల్ ఒకసారి సాహసించాడు.

"గెలుసుడేముంది, ఎవరైనా గెలుస్తరు. ఓడినప్పుడు ఎంత మంచిగుంటుండె!" అంది కురుమమ్మ.

ఒక సోమవారం సంతోష్ నేరుగా బండ దగ్గరికే వచ్చి గొంతుక్కూర్చున్నాడు. ఉద్యోగం ఊడిందనుకుంది ఆమె.

"అక్కా, నన్ను రోజు రావు సారుతోని పోలుస్తున్నరట."

"ఎవరన్నరు సార్?"

"ఎవరనుడెందుకక్కా, నా గదికి కిటికీ ఉన్నది."

కురుమమ్మ చేతిలోని సబ్బు జారి బకెట్లో పడింది. సంతోష్ దాన్ని తీసి ఇచ్చాడు. "నన్ను ఏమన్న అనున్రి. కానీ పిలగాండ్ల గురించి గూడ జర చెప్పున్రి. ఆళ్ల బట్టలు చూసేది మీరే గదా."

ఉద్యోగం ఊడనందుకు సంతోషమో, అడిగినందుకు గర్వమో, ఆమె మూడో నంబరు జెర్సీ తీసి ఆయన ముందు పరిచింది. "గిది నరేంద్రది. రెండేండ్ల సంది మన్నంటలే. నేను దీన్ని ఉతుకుతలేను సార్, దులిపి ఆరేస్తున్న."

సంతోష్ ఆరా తీస్తే సంగతి బయటపడింది. నరేంద్ర గ్రూప్స్‌కు చదువుతున్నాడు. ఆట అయిపోగానే అశోక్‌నగర్‌లోని రీడింగ్ హాలుకు పరుగెత్తాలి. మట్టి బట్టలతో వెళితే లోపలికి రానివ్వరు. అందుకని బంతి కోసం కింద పడటమే మానేశాడు.

శనివారం ముషీరాబాద్ జట్టుతో మ్యాచ్. నరేంద్ర బెంచీ మీద కరెంట్ అఫైర్స్ పుస్తకంతో కూర్చున్నాడు. అతని బదులు దిగిన అంజి చివరి నిమిషాల్లో బంతికి అడ్డంగా దొర్లి గోలు ఆపాడు. ఒకటి సున్నాతో రోవర్స్ గెలిచింది. అరవనని డాక్టరుకు మాటిచ్చి వచ్చిన జగన్నాథరావు గారు, కురుమమ్మ పక్క కుర్చీలో నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని ఆటంతా చూశారు.

"నరేంద్రని ఎందుకు కూర్చోబెట్టాడమ్మా? నా దగ్గర మూడేళ్లు ఆడాడు వాడు."

కురుమమ్మ జెర్సీ కథంతా చెప్పింది. ఆయన మొహం చిన్నబోయింది.

"రెండేళ్లుగా నీకు తెలుసా? మరి నాకెందుకు చెప్పలేదు?"

"మీరు అడగలే సార్."

అన్నాక నాలుక కరుచుకుంది. పదకొండేళ్లు ఆప్యాయంగా పలకరించిన మనిషి. ఏదో ఒకటి చెప్పి సర్దాలి. "మోకాళ్లు మాత్రం రోజు అడుగుతుండిరి సార్," అంది.

ఆయన రుమాలు తీసేసి పకపకా నవ్వారు. ఆ నవ్వుకు మైదానం అవతల ఉన్న సంతోష్ కంగారుపడి మంచినీళ్ల సీసాతో పరుగెత్తుకొచ్చాడు.

"నాకేం కాలేదయ్యా," అన్నారు జగన్నాథరావు గారు. "పదకొండేళ్లు ఈవిడ పక్కనుంచే నడిచి వెళ్లి, లోపల నోటీసు బోర్డు ముందు నిలబడి ఎందుకు ఓడుతున్నామా అని బుర్ర గోక్కున్నాను. అదీ సంగతి."

ఇంటికి వెళ్లాక పీరయ్య అడిగాడు. "ఇంతకు ఇద్దర్ల ఎవరు మంచోడే?"

కురుమమ్మ మోకాళ్లకు నూనె రాసుకుంటూ చెప్పింది. "మంచోడంటే రావు సారే. గీయన మేనేజరు."

జెర్సీ గుట్టు చెప్పేసిందని నరేంద్ర మూడు రోజులు ఆమెతో మాట్లాడలేదు. నాలుగో రోజు ప్రాక్టీసు నుంచి వచ్చి మట్టికొట్టుకుపోయిన జెర్సీని గొప్పగా ఆమె ముందు పడేశాడు. కురుమమ్మ దాన్ని తిప్పి చూసింది. మట్టి ముందువైపే ఉంది, వేళ్ల అచ్చులతో సహా.

"ఇది పడితే అంటిన మన్ను గాదు బిడ్డా, పూసుకున్న మన్ను. సంచిల ఇంకో అంగీ పెట్టుకోని రా. మార్చుకోని పో."

ఈ మాట నరేంద్రకు రెండేళ్లలో తట్టలేదు. ఆ తర్వాతి శనివారం సంతోష్ అతన్ని రెండో సగంలో దించాడు. సోమవారం ఆ జెర్సీ ఉతకడానికి కురుమమ్మకు అరగంట పట్టింది. సబ్బునూ, నరేంద్రనూ, మేనేజరునూ కలిపి తిట్టుకుంటూ ఉతికింది.