రోగపు మడిలో పోగుంటలు

రైతులు చేలో తెగులు రాకూడదని మొక్కుకుంటారు. మేము మా మడిలో తెగులు తగ్గకుండా చూసుకుంటాం. ఒంగోలుకు అవతల నల్లరేగడిలో ఉన్న శనగ పరిశోధన క్షేత్రంలో నేను సహాయకుణ్ణి. ఎండు తెగులుతో చచ్చిన మొక్కల్ని ఏటా ముక్కలు చేసి ఒక మడిలో కలియదున్నుతాం. ఆ రోగపు మట్టిలో సాలుకో రకం విత్తుతాం. చచ్చిన రకాన్ని కొట్టేస్తాం, బతికిన రకాన్ని దాచుకుంటాం. చెప్పుకోవడానికి నాకే చేదుగా ఉంటుంది గానీ, వేరుకొచ్చే రోగాన్ని తట్టుకునే గుణం ఏ గింజలో ఉందో తెలియాలంటే ఇదే దారి.

ఆ మడిలో ఖాళీలే మాకు లెక్క. మా వైపు పత్తి, మిరప చేలల్లో మొక్క లేని ఖాళీలను పోగుంటలంటారు. అవి కనబడితే కూలికొచ్చే ఆడవాళ్లకు చెయ్యి ఊరుకోదు, ఇంత గింజ పెట్టి పూడ్చేస్తారు. రోగపు మడిలో మాత్రం పూడ్చొద్దని ప్రతి ఏడూ చెప్పేవాణ్ణి. ఒక ఏడు చెప్పలేదు. పన్ను నొప్పితో ఒంగోలులో పళ్ల క్లినిక్ చుట్టూ తిరుగుతూ రెండు వారాలు మడి మొహం చూడలేదు. చచ్చిన మొక్కల లెక్క తీయాల్సింది సరిగ్గా అప్పుడే. తిరిగొచ్చి గట్టు మీద నుంచి చూస్తే ఒక సాలు నిండుగా ఉంది. చాలా మొక్కలు పొట్టిగా కనిపించాయి, పట్టించుకోలేదు. రిజిస్టరులో గడి ఖాళీగా వదలడానికి సిగ్గేసి, ఆ సాలులో ఒక్క మొక్కా చావలేదని రాసేశాను.

ఆ సాలు గింజలు నా సొంత బిడ్డలైపోయాయి. మరుసటి ఏడు వాటిని మళ్లీ రోగపు మడిలో పెట్టాం గానీ, తుఫాను వానకు మడి మునిగి పరీక్ష పాడైంది. మెరక మీద రోగం లేని నేలలో వేసినవి మాత్రం సగం బస్తా పండాయి. ఇంకోసారి పరీక్ష పెట్టేదాకా ఎవరికీ ఇవ్వొద్దని మా క్షేత్రం పెద్దసారు గట్టిగా చెప్పారు. నాకు ఆగబుద్ధి కాలేదు.

మా కూలీల ముఠాకు పెద్ద ఒకామె ఉంది. మా అమ్మ వయసు, నేను పెద్దమ్మా అనేవాణ్ణి. అరెకరం కౌలుకు తీసుకుని శనగ వేస్తే వరసగా రెండేళ్లు ఎండు తెగులుకు పోయింది. ఈసారీ పండకపోతే చేను ఇంకొకరికి ఇస్తానని ఆసామి తేల్చేశాడు. ఆమె జొన్న వేద్దామనుకుంది. వద్దన్నది నేనే.

"జొన్నేస్తే నాలుగు గింజలన్నా రాలతై గదా సారూ?" అంది.

"ఈ విత్తనానికి ఎండు తెగులు రాదు పెద్దమ్మా. నా మాట నమ్ము."

పెద్దసారు కళ్లుగప్పి ఆ సగం బస్తా ఆమెకు ఇచ్చాను. ఆదివారం దాన్ని చర్చికి మోయించి, పాస్టరుగారి చేత ప్రార్థన చేయించి, సోమవారం విత్తింది.

నెల తిరక్కుండా కబురు పెట్టింది. వెళ్లేసరికి చేను సగం వాలిపోయి ఉంది. ఒక మొక్క పీకి కాండం నిలువునా చీల్చాను. లోపల నల్లటి గీత, ఎండు తెగులే.

"మడిలో బాగానే నిలబడిందిగా సారూ," అందామె. "నువ్వు పన్ను నొప్పని రానప్పుడు ఆ సాలు నిండా పోగుంటలు పడినై. పెద్దసారు చూస్తే నిన్ను తిడతాడని నేనే పూడ్చా. ఆ సాల్లో ఏసిన రకం పొట్లం ఒక్కదాన్లోనే గింజలు మిగిలినై. ఇత్తనాల గదిలో తెగులు మందుంటే అది గూడా పట్టించి పెట్టా. ఒక్కటీ చావలా."

మందు గింజ పైపొట్టుకు అంటుకుని ఉంటుంది. ఆ ఒక్క మొక్కను కాస్తుంది, అంతే. గుణమైతే గింజ లోపల ఉండి తరం నుంచి తరానికి దిగుతుంది. ఆ సాలును కాసింది మందు. దాని పిల్లలకు లేని గుణం నేను అంటగట్టాను. అసలు మొక్కలు చచ్చినప్పుడు నేను వంగి లెక్కపెట్టి ఉంటే, ఆ రకం ఆ రోజే పోయేది.

ఆ మాట అక్కడే చెప్పాలి. నోరు తెరిచాను కూడా. చెప్తే నా దొంగలెక్క బయటపడుతుంది. పాపం, ఆమె మనసు నొచ్చుకుంటుందని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అది జాలి కాదు, పిరికితనం.

"నీ ఇత్తనం మంచిదే సారూ," అని ఆమే నన్ను ఓదార్చింది. "నీ మడిలో నిలబడింది, నా చేలో నిలబడలా. నా చెయ్యే మంచిది కాదు."

చీల్చిన కాండాన్ని గట్టు అవతలకి విసిరేసి వచ్చేశాను.

ఆసామి ఆ చేను పొగాకు వేసేవాళ్లకు ఇచ్చాడు. నేను ఆ రకాన్ని మళ్లీ రోగపు మడిలో పెడితే మొత్తం చచ్చింది. రిజిస్టరులో కొట్టేశాను. ఎందుకు కొట్టేశానో రాయలేదు.

ఆమె ఇప్పటికీ మా దగ్గరికి పనికొస్తుంది. కలుపు తీస్తుంది, కోత కోస్తుంది. విత్తేరోజు మాత్రం గింజ ముట్టుకోదు. "నా చేత్తో వద్దు సారూ, నువ్వు కష్టపడి చేసిన రకాలు," అని సాలు వెనకాలే మట్టి కప్పుకుంటూ వస్తుంది. నేను విత్తనాల పొట్లం ఆమె పక్కనున్న మనిషికి అందిస్తాను.