మూరెడు మట్టి

మార్కాపురంలో నా చిన్నప్పుడు మా నాయన పలకల గనిలో పని చేసేవాడు. వానొస్తే మా వాకిలి మడమలోతు బురదయ్యేది. అందుకని పలకకు పనికిరాని బండలను బండి మీద తెచ్చి పరచసాగాడు. అందరికన్నా మురిసింది నేనే. బడికి పోని నాకు బలపం ముక్కలు తొక్కుడుబిళ్ళ గడులు గీయడానికే పనికొచ్చేవి. నున్నటి బండ మీద ఆ గీతలు ఎంత తెల్లగా పడేవో! మమ్మల్ని చూసి ఎగువనున్న నాలుగిళ్ళ వాళ్ళూ బండలు పరిపించుకున్నారు.

మా వీధి ఏటవాలుగా ఉండేది. మా కింద, పల్లంలో, మట్టిగోడల ఇంట్లో ఒక అవ్వ ఒక్కతే ఉండేది. ఒకనాడు నేను ఆడుకుంటుంటే అవ్వ చెంబుతో వచ్చి, సగం నీళ్ళు బండ మీద, సగం ఇంకా పరవని నేల మీద పోసింది. నేల మీదవి అక్కడే ఇంకిపోయాయి. బండ మీదవి నా గడులను చెరుపుకుంటూ ఆమె గోడ వైపు జారాయి.

"చూసినావా పిల్లా? మట్టికి నోరుంది, తాగుతాది. బండకు నోరేదే? నా గోడ వార మూరెడు మట్టి వదలమని మీ నాయనతో చెప్పు. నేను చెప్తే, ముసల్దానికి కుళ్ళు అనుకుంటాడు."

"చెప్తాలే అవ్వా" అన్నాను. చెప్పలేదు. ఆ మూరెడు వదిలితే నా చివరి గడికి చోటుండదు.

ఆ ఏడు తొలి పెద్దవానకు అన్ని వాకిళ్ళ నీళ్ళూ ఒక్కటై పల్లానికి దూకాయి. అవ్వ గోడ కూలింది. ఏడాది జొన్నలు బురదలో కలిశాయి. నాయన పార పట్టుకుని పరుగెత్తాడు.

"ఒక్క మాట చెప్పింటే మూరెడు వదిలేవాణ్ణి గదా పెద్దమ్మా!"

అవ్వ నా వైపు ఒక్కసారి చూసింది.

"నాకూ తోచలేదులే అబ్బయ్యా" అంది.

తర్వాత రాచర్లలో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోయింది, తిరిగి రాలేదు. నాయన ఆ వార బండలు పెకలించాడు. నీళ్ళు ఇంకాయి గానీ, కాపాడుకోవడానికి అక్కడ గోడ లేదు.

ఇప్పటికీ వాన మొదలైతే, మా నీళ్ళు ఎవరి గోడకు పోతున్నాయో చూసిగానీ లోపలికి రాను. నాయన ఉన్నన్నాళ్ళూ నాకు నోరు రాలేదు. ఈ వయసులో మనవరాలి దగ్గర అక్షరాలు నేర్చాను గనుక రాస్తున్నాను: అవ్వ చెప్పింది నాయనా. నేనే నీకు చెప్పలేదు.