రూబీ ఎందుకు నడవలేకపోయింది

1976 వేసవిలో నేను విజయవాడలోని ఒక పశువుల ఆసుపత్రిలో డాక్టరుగా ఉన్నాను. మా దగ్గరికి వచ్చేవి ఎక్కువగా పాడిగేదెలు, బండి ఎడ్లు. భవానీపురం నుంచి ఎస్తేరమ్మ గారు తెచ్చే, ఒళ్లంతా పొడవాటి బొచ్చుండే లాసా జాతి బుల్లి కుక్కలాంటిది మాకు మరొకటి లేదు. ఆమె రిటైరైన టీచరు, ఒంటరి మనిషి. బదిలీ అయి వెళ్లిపోతూ పక్కింటివాళ్లు ఇచ్చిన కుక్క అది. పేరు రూబీ.

ఆ జాతి కుక్క బొచ్చు రాల్చదు. ఇంట్లో ఒక్క వెంట్రుక కనబడదని ఆమెకు గర్వం. ఆదివారం చర్చికి వెళ్లేముందు దానికి కుంకుడురసంతో తలంటి, కొబ్బరినూనె రాసి, పైపైన బ్రష్ చేసేవారు. మెరిసిపోయేది. నేనూ మెచ్చుకున్నాను. లోపలిదాకా దువ్వుతున్నారా అని అడగలేదు.

కొన్నాళ్లకు రూబీ ముందుకాళ్లు ఈడవడం మొదలుపెట్టింది. కాల్షియం ఇంజెక్షన్లు ఇచ్చాను. తగ్గకపోతే, వయసుకి నరాలు చచ్చుబడ్డాయన్నాను. గోళ్లు చూశాను గానీ బొచ్చులో వేలు పెట్టి చూడలేదు. గేదెల వైద్యంలో ఆ అవసరం రాదు. ఆ అలవాటే నాకు మిగిలింది.

చివరికి ఒకరోజు ఆమె రూబీని తువ్వాలులో చుట్టి తెచ్చారు. ఎత్తుకుంటే ఏడుస్తోందనీ, తిండి మానేసిందనీ చెప్పారు.

"దీన్నిక బాధ పెట్టలేనండి. ప్రార్థన చేసుకునే వచ్చాను. ఇంజెక్షన్ ఇచ్చి శాశ్వతంగా నిద్రపుచ్చేయండి."

నేను వద్దనలేదు. అదే మంచిదన్నాను కూడా.

సిరంజిలో మందు నింపి, రక్తనాళం కనబడటానికి ముందుకాలి మీద బొచ్చు కత్తిరించబోయాను. కత్తెర దిగలేదు. వేళ్లకు చర్మానికి బదులు కంబళిలాంటి గట్టి దిమ్మ తగిలింది. దీన్ని మ్యాటింగ్ అంటారు. ఊడిన వెంట్రుక కిందపడకుండా మిగతా బొచ్చులోనే చిక్కుకుని, నూనే దుమ్మూ పట్టి అట్టకడుతుంది. తడిసి ఆరితే ఇంకా బిగుస్తుంది. రెండు చంకల నుంచి ఛాతీ దాకా అదే. అడుగు వేసినప్పుడల్లా చర్మాన్ని లాగేస్తోంది.

సిరంజి పక్కన పెట్టేశాను. కొంచెం కొంచెంగా కత్తిరించడానికి ఉదయమంతా పట్టింది. లోపల చర్మం పుండ్లు పడి ఉంది. చంకలు వీడాక నేలమీద దింపితే, రూబీ తడబడుతూ ఆమె దగ్గరికి నడిచి వెళ్లింది.

"నరాలన్నారు గదండీ," అన్నారు ఎస్తేరమ్మ గారు.

"చూడకుండా చెప్పానండి. తప్పు నాది."

ఆమె కళ్లు తుడుచుకున్నారు. "మేకపిల్లలా అయిపోయిందండి ఇది. బొచ్చు మళ్లీ వస్తుందా?"

"వస్తుందండి. ఈసారి నూనె వద్దు. రోజూ దువ్వాలి."

"దువ్వడం నేను చూసుకుంటాలెండి. మీరు మాత్రం ఇకమీదట తడిమి చూసి చెప్పండి డాక్టరుగారూ."

కొత్త బొచ్చు వచ్చాక ఆమె రోజూ పాయలు విడదీసి, చివర్ల నుంచి మొదళ్ల దాకా దువ్వేవారు. స్నానం ఆ తర్వాతే. రూబీ మళ్లీ ఎప్పుడూ కాలు ఈడవలేదు.

రక్తనాళం వెతకాల్సిన పని లేని మందు ఆరోజు నా దగ్గర ఉండి ఉంటే, నా తప్పు నాకు ఎప్పటికీ తెలిసేది కాదు. ఆమె నాకు దణ్ణం పెట్టి, ఖాళీ తువ్వాలుతో ఇంటికి వెళ్లేవారు. అప్పటినుంచి ఏ జబ్బుతో వచ్చిన కుక్కనైనా బొచ్చులోకి వేళ్లు పోనిచ్చి చర్మం తగిలేదాకా తడుముతాను. ఆ తర్వాతే ఇంటివాళ్లతో మాట్లాడతాను.