వైరు కట్టిన వాల్వు

నిన్న పొద్దున్న కుక్కరు విజిల్ పక్క నుంచి ఆవిరి కారిపోతోందని మా కోడలు దాని మీద గరిటె ఆనించి నొక్కి పట్టుకుంది. బుసబుసమనే ఆ చప్పుడు ఒక్కసారిగా ఆగేసరికి నాకు ఒళ్ళు మండిపోయింది. "తియ్యవే దాన్ని!" అని అరిచాను. "క్యా హువా అమ్మా? ప్రెషర్ నహీఁ బన్ రహా" అంది బిత్తరపోయి, ప్రెషర్ ఎక్కడం లేదని. పాపం, ఆ కోపం ఆ పిల్ల మీద కాదు.

అప్పలసూరి బాబాయి మీకెవరికీ తెలియడు. కార్ఖానాల్లో ఆవిరి పైపులు బిగించి, బిగించి ముసలివాడై, టాటానగర్ స్టేషను వెనక ఒక గదిలో ఉండేవాడు. నోరు మంచిది కాదు. అప్పట్లో నేను గోవింద్‌పూర్‌లో ఒక మెస్సులో ఇడ్లీలు వండేదాన్ని. ట్రక్కుల కార్ఖానాకు పోయేవాళ్ళంతా అక్కడే తినేవారు. ఇడ్లీ పెట్టెలకు ఆవిరి ఒక బొగ్గు బాయిలరు నుంచి వచ్చేది. ఆ చలికాలం ఆవిరి ఒత్తిడి చూపించే దాని గేజీలో ముల్లు నిలబడడం మానేసింది. ఎంత మంట పెట్టినా దిగిపోయేది. ఇడ్లీలు రాళ్ళయ్యాయి. మెస్సు నడిపే కాంట్రాక్టరు అందరి ముందూ నన్నే పట్టుకున్నాడు. "మూతలు తీసి తీసి ఆవిరంతా నువ్వే పోగొడతన్నావు. ఈ వారం చూస్తా. తర్వాత ఇంకో మనిషిని పెట్టుకుంటా."

భయంతో నేను ముల్లు పడినప్పుడల్లా నీళ్ళు తగ్గాయేమోనని పంపు కొట్టి బాయిలర్లోకి ఎక్కించేదాన్ని. చల్లనీళ్ళు పడి ముల్లు ఇంకా దిగేది. బాబాయిని బతిమాలి తీసుకొస్తే, వస్తూనే నా చేతిమీద ఒక్కటిచ్చాడు.

"పంపు ఒగ్గీ! నీల్లు పోత్తే రిపేరైపోద్దేటే? ఎల్లిపోతన్నది ఎటెల్తందో సూడాల."

ఇడ్లీ పెట్టెలకు పోయే వాల్వులన్నీ మూసేశాడు. ఇద్దరం చెరో డబ్బా మీద కూర్చుని ముల్లునే చూశాం. అయినా దిగింది.

"సూసినావా? నీ మూతలకాడికి సుక్క ఆవిరి రాలేదు. దొంగవి నువ్వు కాదు."

నాకు ఏడుపొచ్చింది. "ఏడుపు తరవాతేడుద్దువు, పల్లెం తే" అన్నాడు. చల్లటి స్టీలు పళ్ళెం ఒక్కో అతుకు దగ్గరా పట్టించాడు. ఎక్కడా ఆవిరి తగిలి మసక పట్టలేదు. అప్పుడు గోడ వెనక్కి తీసుకెళ్ళాడు. సేఫ్టీ వాల్వు నుంచి వచ్చే పైపు అక్కడ రాతిపలకల కిందున్న కాలువలోకి దిగుతుంది. ఎవరూ చూడని చోటు. "ముట్టుకో" అన్నాడు. చురుక్కుమంది. ఒత్తిడి మితిమీరితే తప్ప వేడెక్కకూడని పైపు అది. లోపల అరిగిపోయి వాల్వు సరిగా మూసుకోవడం లేదు. కాంట్రాక్టరుకు చెప్పాడు: కొత్తది వేయించు, అందాకా పొయ్యి ముట్టించొద్దు.

మర్నాడు నేను వెళ్ళేసరికి ఆ వాల్వు పిడిని ఇనుప వైరుతో బిగించి కట్టేసి ఉంది. పొయ్యి మండుతోంది. ముల్లు కదలడం లేదు. "చూశావా, ఐదు నిమిషాల పని!" అని కాంట్రాక్టరు నవ్వాడు. ఇడ్లీలు తెల్లగా పొంగాయి. ఆ బాయిలరుకు ఇక ఊపిరి వదిలే దారి లేదని, ఒత్తిడి పెరిగితే పేలడమేనని నాకు తెలుసు. బాబాయికి కబురు పెట్టాను.

వచ్చాడు. పొయ్యిలో నిప్పంతా బయటికి లాగేశాడు. ముల్లు సున్నాకు దిగేదాకా నిలబడి, వైరు కత్తిరించాడు. బయట తినేవాళ్ళు పళ్ళేలు వాయిస్తున్నారు. కాంట్రాక్టరు పరుగున వచ్చి, వాళ్ళకు వినబడేలా అరిచాడు.

"దిమాగ్ ఖరాబ్ హై క్యా? వైరెవడు కట్టాడు? నువ్వే కట్టి నాటకాలాడతన్నావా?"

బాబాయి నా వైపు తిరిగాడు. "పైడమ్మా, నువ్వొచ్చీసరికి ఇది కట్టుందా, నేదా? సెప్పు."

కాంట్రాక్టరు కూడా నన్నే చూస్తున్నాడు. నేను పిండి గిన్నెలోకి చూస్తూ అన్నాను. "నేను చూడలేదు."

కాంట్రాక్టరు ఆ ముసలాయన్ను భుజం పట్టి గెంటాడు. పానాల సంచి కింద పడితే బాబాయే వంగి తీసుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు మళ్ళీ వైరు కట్టి ఉంది. అగ్గిపుల్ల గీశాను గానీ చెయ్యి పొయ్యి దాకా పోలేదు. బయటికొచ్చి, బల్లల దగ్గర కూర్చున్న వాళ్ళందరికీ వినబడేలా అరిచాను. "నిన్నా కట్టే ఉంది, ఇయ్యాలా కట్టే ఉంది! నాను సూసినాను!" జనం లోపలికొచ్చి చూశారు. వాళ్ళు పట్టుబడితే కొత్త వాల్వు వచ్చింది. నన్ను ఆ మధ్యాహ్నమే వెళ్ళిపొమ్మన్నారు.

తిన్నగా బాబాయి గదికి వెళ్ళి అంతా చెప్పాను. గుమ్మంలోనే నిలబడి విన్నాడు. కూర్చోమనలేదు.

"నిన్న సెప్పాల."

"పని పోద్దని బయ్యమేసింది బాబాయ్."

"బయ్యమేసినందుకు నాకు కోపం నేదే. సూసి సూడనేదన్నావు సూడు, దానికి."

తలుపు వేసేశాడు. ఆయన కోసం కూడు పోగొట్టుకున్నాను, ఒక్క మంచి మాట అనలేకపోయాడా అని ఏళ్ళ తరబడి రగిలాను. బజార్లో ఎదురుపడినా పలకరించలేదు. ఆయనా పలకరించలేదు. అలాగే పోయాడు. ఆయన మీది కోపం ఆయనతోనే పోయింది. గెంటినవాడి మీది కోపం పోలేదు. పిండి గిన్నెలోకి చూసిన ఆడమనిషి మీదైతే అసలే పోలేదు. ఇప్పుడు ఎవరి తగవులోనైనా సరే, నువ్వు చూశావా అని అడిగితే, చూసింది అక్కడికక్కడే చెప్పేస్తాను. చుట్టాలనీ ఇరుగుపొరుగనీ చూడను. ముసల్దానికి నోటిదురుసు అంటారు. అననీ.