కింది గొంతు

ఆ అక్కచెల్లెళ్ళిద్దరూ చిన్నప్పటినుంచీ కలిసే పాడేవారు. చెల్లెలిది తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం. పాట ఏదైనా అసలు వరస తనదేనంటుంది. ఇద్దరూ ఒకే వరస పాడితే గొంతులు రాసుకుని పోట్లాట వచ్చేది. "పెద్దదానివి, నువ్వే సర్దుకోవే" అనేది తల్లి. అంటే కాసేపు నోరు మూసుకోమని ఆవిడ ఉద్దేశం. అక్క నోరు మూసుకోలేదు. చెల్లెలి గొంతుకి కాస్త కిందుగా, దాన్ని తాకకుండా, దానితోపాటే నడిచే ఇంకో దారి వెతుక్కుంది. ఎవరూ నేర్పలేదు. ఇరుకు సందులో ఇద్దరు నడవాల్సివస్తే ఒకరు ఒత్తిగిల్లి నడిచినట్టు, దానంతటదే అలవడింది.

పెద్దయ్యాక అక్క పరదాలు కుట్టే దుకాణంలో పనికి కుదిరింది. చెల్లెలు బస్సు కంపెనీలో ఫోను దగ్గర కూర్చునేది. ఏ బస్సు ఎప్పుడొస్తుందో అడిగేవాళ్ళకి చెప్పడం ఆమె పని. ఆ గొంతు వినడానికే మళ్ళీ ఫోను చేసేవాళ్ళున్నారని కంపెనీలో వేళాకోళమాడేవారు. అక్క భర్త కళ్ళద్దాలు అరగదీసే పనివాడు. సాయంత్రమైతే కీబోర్డు ముందేసుకుంటాడు. శనివారాలు ఒక హోటల్ హాల్లో భోజనాల వేళకి ముగ్గురూ కలిసి పాటలు వినిపించేవారు.

చప్పట్లన్నీ చెల్లెలికే. అక్క నోట్లో నాలుక లేని మనిషి, పక్కన నిలబడి నవ్వేది. ఒకసారి జలుబు చేసి ఆమె వెళ్ళకపోతే, హోటల్ మేనేజరు స్పీకర్ల దగ్గరికి వచ్చి, "ఇవాళ వీటికేమైనా అయిందా? పాట బోసిగా ఉందేమిటి?" అన్నాడట. భర్త ఇంటికొచ్చి ఆ మాట చెబితే, అక్క ముక్కు చీదుకుంటూనే లోలోపల పొంగిపోయింది.

ఇలా ఉండగా చెల్లెలి మెడలో గడ్డ తేలింది. ఆపరేషన్ చేశారు. గడ్డతో పాటు గొంతూ పోయింది. మాటలు రాక కాదు, వస్తాయి. కానీ అన్నీ గుసగుసలే. ఎంత గట్టిగా అరిచినా గాలి తప్ప నాదం లేదు.

"గొంతుకి వెళ్ళే నరం దెబ్బ తింది. తేరుకోవచ్చు, తేరుకోకపోవచ్చు. తొందరపెట్టకండి" అంది డాక్టరమ్మ.

కంపెనీవాళ్ళు చెల్లెలిని ఫోను దగ్గరినుంచి తీసేసి, ప్రయాణికులు మరిచిపోయిన సామాన్లు దాచే గదికి మార్చారు. అక్కడ గొడుగులు, సంచులు, ఒంటరి చెప్పులు. వాటితో మాట్లాడాల్సిన పనిలేదు.

హోటల్ మేనేజరు కొన్నాళ్ళు ఆగి కబురుపెట్టాడు. ఒక్కరే పాడినా ఫరవాలేదు, రమ్మన్నాడు.

ఆ రోజు మిషను మీద పరదా అంచు కుడుతూ అక్క చాలాసేపు పాదం ఆడించకుండా కూర్చుండిపోయింది. మనసులో ఒక మూల, ఎవరికీ కనపడని మూల, చిన్న ఆశ లేచింది. ఇప్పుడైనా పాట నాదవుతుందా? వెంటనే "ఛీ, ఇదేం బుద్ధే" అని తననితానే తిట్టుకుంది. అయినా ఆ ఆశ వెళ్ళిపోలేదు. గుమ్మం దగ్గర నిలబడ్డ చుట్టంలా ఉండిపోయింది.

ఆదివారం పొద్దున ముందుగదిలో సాధన మొదలుపెట్టారు. చెల్లెలు కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని వింటోంది.

అక్క పల్లవి ఎత్తుకుంది. రెండు మాటలు అసలు వరసలో పాడింది. మూడో మాటకి గొంతు జారి తన పాత దారిలోకి దిగిపోయింది. మళ్ళీ ఎత్తుకుంది. మళ్ళీ అదే జారుడు. వేలసార్లు విన్న వరస! కానీ విన్నదే తప్ప ఎప్పుడూ పాడలేదు.

భర్త గడ్డం గోక్కుని, "పోనీ ఇంకోటి చేద్దాం" అన్నాడు. కీబోర్డు వెనక మైకు గుచ్చుకునే చోటొకటి ఉంది. దాన్ని ఆయన ఇన్నాళ్ళూ వాడనే లేదు. "మైకు దీనికి తగిలించి హార్మనీ బటన్ నొక్కితే, నీ గొంతు పట్టుకుని దాని పక్కన ఇంకో గొంతు పుట్టిస్తుంది. నువ్వు నీ కింది వరసే పాడు. పైది ఇది పాడుతుంది."

అక్క పాడింది. నిజంగానే పైన ఇంకో గొంతు పలికింది. అదీ అక్క గొంతే, కొంచెం పలచబడి, కొంచెం పైకెక్కి. స్వరాల్లో తప్పు లేదు. కానీ చరణం సగంలోనే అక్క ఆపేసింది.

"ఏమైంది? బాగానే ఉందిగా!"

"బాగానే ఉందండీ. కానీ అది నా వెనకాలే వస్తోంది. నేను ఆగితే ఆగుతోంది, నేను లాగితే లాగుతోంది. ముందు నడిచేవాళ్ళు లేకపోతే నేను ఎవరి వెంట నడవను?"

ఆ మాట అన్నాకే ఆమెకి సంగతి బోధపడింది. చెల్లెలు ఊపిరి ఎప్పుడు తీస్తుందో, ఏ అక్షరం మీద ఒక్క క్షణం మొండికేస్తుందో, వాక్యం చివర ఎలా వదిలేస్తుందో, అదంతా కనిపెట్టుకుని ఉండడమే ఇన్నేళ్ళూ తన సంగీతం.

కిటికీ దగ్గర కుర్చీ కదిలింది. చెల్లెలు లేచి వచ్చి మైకు లాక్కుంది. "ఏదీ, నన్ను పాడనీ" అంది గుసగుసగా. పాడింది. పాపం, కీబోర్డుకి ఏం పట్టుకోవాలో తెలియలేదు. స్వరమే లేని గాలిలో స్వరం వెతుక్కుంటూ బురబురమని, కీచుమని, ఎక్కిళ్ళు పెట్టింది.

"దీనికి కూడా నేను అక్కర్లేదు బావా" అని ఆమె మైకు బల్లమీద పెట్టేసింది.

బావ కళ్ళజోడు నుదుటి మీదకి తోసుకుని బటన్ల మీద పేర్లు ఒక్కొక్కటే చదివాడు. "ఆగు మరదలా. ఇక్కడ వోకోడర్ అని ఇంకోటుంది. హార్మనీకి నీ శ్రుతి కావాలి. దీనికి అక్కర్లేదు. శ్రుతి కీలు ఇస్తాయి, నీ నోరు అక్షరాలు ఇస్తే చాలు. నువ్వు గుసగుసగా అను, నేను నొక్కుతాను."

చెల్లెలు అనుమానంగా మైకులో పల్లవి గొణిగింది. బావ కీలు నొక్కాడు. స్పీకరులోంచి ఏదో రేకు డబ్బా పాట పాడినట్టు, కానీ మాటలు స్పష్టంగా, స్వరం తప్పకుండా బయటికొచ్చింది. ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందు చెల్లెలే నవ్వింది. నవ్వు కూడా మైకులో పడి నాలుగు స్వరాలై వినిపించింది. ఇక ముగ్గురికీ కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వు ఆగలేదు.

ఆ మర్నాటినుంచి చెల్లెలు తానే కీలు నేర్చుకోవడానికి కూర్చుంది. "నా పాట నీ వేళ్ళతో ఏమిటి బావా?" అంది. ఒక వేలుతో మొదలుపెట్టింది. తప్పు పడితే బల్ల గుద్దేది. తిట్టడానికి గొంతు లేదు కనక ఆ తిట్లు కూడా వోకోడర్‌లోనే తిట్టేది. నెలలు గడిచాయి. కుడిచేయి కుదురుకుంది.

ఒక సాయంత్రం అక్క వంటింట్లో గిన్నెలు సర్దుతుంటే ముందుగదిలోంచి పాట వినిపించింది. అదే రేకు గొంతు. కానీ వాక్యం చివరి అక్షరానికి రాగానే, అది వెంటనే పలక్కుండా ఒక్క క్షణం మొండికేసి, అప్పుడు పలికింది. అక్క చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. ఆ మొండితనం ఏ యంత్రానిదీ కాదు. ఆమె గుమ్మంలోకి వచ్చి, తనకి తెలియకుండానే కింది వరస అందుకుంది.

మేనేజరుకి కబురుపెట్టి ఆ శనివారం ముగ్గురూ హోటల్‌కి వెళ్ళారు. మొదటి పాటకి హాల్లో కొందరు చెంచాలు కింద పెట్టి తలెత్తారు. ఎవరో పిల్లవాడు "రోబో పాడుతోంది!" అని అరిచాడు. నవ్వులు లేచాయి. చెల్లెలు చెవులు ఎర్రబడ్డా వేళ్ళు ఆపలేదు. కింద అక్క గొంతు మెత్తగా నడుస్తూండేసరికి, ఆ రేకు గొంతుకి కూడా ఒక ఒళ్ళు వచ్చినట్టయింది. నవ్వులు సద్దుమణిగాయి.

మూడో పాట చరణంలో అనుకోనిది జరిగింది. చెల్లెలి చేయి పక్కకి జరిగిపోయింది. వేళ్ళకి దొరికింది అసలు వరస కాదు, అక్క పాడుతున్న కింది వరస. ఇద్దరూ ఒకే దారిలో ఉన్నారు, పైన ఎవరూ లేరు. పాట తల తెగినట్టయింది. చెల్లెలు భయంగా అక్క వైపు చూసింది. చేయి వెనక్కి జరపలేదు.

అక్క పైకెక్కింది. ఎలా ఎక్కిందో ఆమెకే తెలియదు. మొదటి మాటకి గొంతు జీరబోయింది, రెండో మాటకి నిలబడింది. ఈసారి జారలేదు. తన పాత దారిలో ఇప్పుడు చెల్లెలు ఉంది, అక్కడ చోటు లేదు. ఎవరి ఊపిరినీ కనిపెట్టుకోకుండా, తనకి తోచినచోట ఆగుతూ, తనకి తోచినట్టు లాగుతూ చరణం పూర్తిచేసింది. కింద రేకు గొంతు తడబడుతూ వెంట వచ్చింది.

పాట అయ్యాక చప్పట్లు మరీ పెద్దవేం కావు. అక్క మాత్రం మైకు కింద పెట్టడం మరిచిపోయింది.

ఇంటికెళ్ళే బస్సులో అడిగింది. "నిజం చెప్పు. కావాలనే చేశావు కదూ?"

"నీ మొహం" అని చెల్లెలు చెవిలో గుసగుసలాడింది. "కీ మర్చిపోయాను. చేతికి దొరికింది అదే. వెనక్కి వచ్చేద్దామనుకున్నాను. ఈలోగా నువ్వు ఎత్తుకున్నావు. మరి వినాలనిపించింది."

ఆ తర్వాత ఏడాది తిరిగేలోపు చెల్లెలి గొంతు కొంత తేరుకుంది. పాత గొంతు కాదు. బొంగురుగా, కిందిస్థాయిలో, అరగంట మాట్లాడితే అలిసిపోయే గొంతు. డాక్టరమ్మ ఇంతకన్నా రాకపోవచ్చంది. పై వరసలు దానికి అందవు. అందుకని కొన్ని పాటలకి చెల్లెలు కీలు నొక్కి వోకోడర్‌లో పాడుతుంది, అక్క కింద నడుస్తుంది. మరికొన్నిటికి అక్క పైన పాడుతుంది, చెల్లెలు తన బొంగురు గొంతుతో కింది వరస నేర్చుకుంటుంది. అది మాత్రం ఆమెకి ఇంకా చేతకాలేదు. మాటిమాటికీ అసలు వరస మీదకి ఎగబడుతుంది.

మొన్న సాధనలో విసిగిపోయి మైకు పక్కన పెట్టేసింది.

"ఎంత కష్టమే బాబూ ఇది! ఒక పక్క నిన్ను వినాలి, ఇంకో పక్క నన్ను నేను పట్టుకోవాలి. ఇన్నేళ్ళూ ఎలా పాడావే? ఒక్కసారైనా చెప్పావా ఇంత కష్టమని?"

"చెప్తే వినేదానివా?" అంది అక్క. బావ నవ్వాపుకుంటూ మళ్ళీ పల్లవి వాయించాడు.