రంజన్ కింద రంగుచేమ

నిన్న ఫోనులో మీరిద్దరూ బాల్కనీలో ఉన్న కుండీని చూపించారు. ఆకులన్నీ ఒక్కొక్కటే పసుపుపచ్చగా మారి వాలిపోయాయని, ఇప్పుడు మట్టి తప్ప ఏమీ లేదని చెప్పారు. పెద్దది "అమ్మమ్మా, పారేయమంటావా?" అని అడిగింది. చిన్నవాడు రోజూ నీళ్ళు పోస్తున్నా బతకలేదని మూతి ముడుచుకున్నాడు. పైగా ఏసీ గొట్టం నుంచి కారే నీళ్ళు కూడా అందులోనే పడేటట్టు పెట్టానని, అది తన తెలివేనని చెప్పాడు. నేను జవాబు చెప్పేలోపే మీ అమ్మకు డ్యూటీ టైమయింది, ఫోను పెట్టేశారు. అందుకే రాస్తున్నాను. ముందు ఆ కుండీని గొట్టం కింద నుంచి జరపండి. ఇది చదవడం అయ్యేదాకా చుక్క నీళ్ళు పోయకండి.

ఆ మొక్కను నర్సరీ వాళ్ళు కలాడియం అంటారు. మా అత్తమ్మ రంగుచేమ అనేది. చేమాకు లాంటి ఆకే, కానీ నడుమ కుంకుమ రంగు, అంచు ఆకుపచ్చ. కూరకు పనికిరాదు. పువ్వును ఎవరూ పట్టించుకోరు. ఆకును చూసుకోవడానికే పెంచుతారు. నీడలోనే బతుకుతుంది, ఎండ తగిలితే ఆకు అప్పడంలా పెళుసెక్కుతుంది.

అత్తమ్మ వయసులో ఉన్నప్పుడు లక్సెట్టిపేటలో మిషన్ బంగళాలో వంట చేసేది. అక్కడి దొరసాని ఊరు విడిచి పోతూ నాలుగు గడ్డలు గుడ్డలో మూటకట్టి ఇచ్చిందట. వాటిని తెచ్చి ఇంటి వెనక, గిన్నెలు తోముకునే జాలారు పక్కన, గోడ నీడలో నాటింది. నేను కోడలిగా వచ్చేసరికి అక్కడ నడుమెత్తు గుంపు ఉండేది. చర్చిలో పెండ్లి అయితే నాలుగు ఆకులు కోసి, ఇత్తడి చెంబులో పెట్టి, తనే మోసుకుపోయేది. ఇంకెవరినీ కోయనిచ్చేది కాదు.

మంచం పట్టిన ఏడాది అత్తమ్మ ఆ గడ్డలను రెండు పాళ్ళు చేయించింది. ఒక పాలు నాకు, ఒక పాలు నా ఏరాలికి. ఏరాలంటే మీ తాత తమ్ముని భార్య, మీరు చిన్నమ్మమ్మ అంటారే, ఆమె. అత్తమ్మ మా ఇద్దరినీ మంచం దగ్గర నిలబెట్టి ఇంతే చెప్పింది: "ఇది పోతె నేను పోయినట్టని ఏడ్వకుండ్రి. కానీ పోనియ్యకుండ్రి."

నేను కుండీల మనిషిని. మీ తాత బడిపంతులు. నిర్మల్, ఆదిలాబాద్, కరీంనగర్, ఎక్కడికి బదిలీ అయితే అక్కడ కిరాయి ఇల్లు. నేలలో పెట్టింది ఇంటివాళ్ళదవుతుంది, కుండీలో పెట్టింది లారీ ఎక్కుతుంది. అట్లా అలవాటయింది. రంగు డబ్బాలకు అడుగున మేకుతో బొక్కలు పొడిచి, మెట్ట చెల్కల ఎర్రమట్టి, మురిగిన టేకాకు, ఎండిన మేక పెంట పొడి కలిపి నింపేదాన్ని. ఫెర్నులు, పాము మచ్చల ఆకు మొక్క, మనీ ప్లాంట్, అన్నీ డబ్బాల్లోనే. మీ తాత రిటైరయ్యాక లక్సెట్టిపేట ఇంటికి తిరిగి వచ్చి, మా వాటాలో వరుసగా పెట్టుకున్నాను.

చిన్నమ్మమ్మ ఆ ఇల్లు కదిలింది లేదు. ఆమెకు మొక్క అంటే నేలలో ఉండేదే. అక్కడిది నల్లమట్టి. వానకాలం బంకలా పట్టుకుంటుంది, ఎండకాలం చెయ్యి దూరేంత నెర్రెలిస్తుంది. అయినా ఆమె చేమాకు చాటంత పెరిగేది. నాది ఎంత చేసినా అన్నం పళ్ళెం దాటేది కాదు.

"అక్కా, చెట్లకు కాళ్ళు కట్టేసి కూసోబెట్టినవు. ఎట్ల పెరుగుతయి?" అనేది.

"నీ చెట్లకు కాళ్ళున్నయా? ఎండొస్తె ఎటు పోతయి?" అనేదాన్ని నేను.

అందులో నిజముంది. నడి వేసవిలో ఎండ ఉత్తరం గోడ మీదికి కూడా వస్తుంది. చలికాలమంతా నీడగా ఉన్న చోట మే నెలలో నిప్పులు కురుస్తాయి. నేను డబ్బాలు ఎత్తి నీడ ఎటుంటే అటు జరుపుతాను. ఆమె మొక్కలు ఉన్నచోటే మాడుతాయి. కానీ నా డబ్బా పొద్దున తడిపితే సాయంత్రానికి ఎండుతుంది, ఆమె నేలలో బెత్తెడు తవ్వితే చల్లగా ఉంటుంది. ఈ వాదన ఇరవై ఏళ్ళుగా ఉంది, తెగలేదు.

ఇప్పుడు అసలు సంగతి. రంగుచేమ చలికాలం మొదట్లో ఆకులు రాల్చి పడుకుంటుంది. మట్టి కింద గడ్డ మాత్రం బతికే ఉంటుంది. మళ్ళీ జూన్‌లో మిర్గం కార్తెకు, తొలకరి వానలకు లేస్తుంది. ఇది నాకు తెలుసు. అత్తమ్మ జాలారు పక్కన ఏటా చూశాను. అయినా నా పాలు గడ్డలు డబ్బాలోకి వచ్చాక, ఆ ఖాళీ మట్టిని చూస్తూ ఊరుకోలేకపోయాను. నేలలో అయితే కనిపించనిది కనిపించకుండా ఉంటుంది. డబ్బాలో అయితే రోజూ కళ్ళముందు ఉంటుంది, ఎండిపోతున్నదేమో అనిపిస్తుంది.

ఎండకాలం రాగానే మా అరుగు మీద రంజన్ పెడతాం. ఇసుక పోసిన స్టూలు మీద నిలబెట్టిన పెద్ద మట్టికుండ, తాగే నీళ్ళకు. దాని ఒంటి నుంచి నీళ్ళు చెమటలా కారుతూనే ఉంటాయి. దాని స్టూలు కింద ఎప్పుడూ నీడ, ఎప్పుడూ తడి. అక్కడ పెట్టిన ఫెర్ను మే నెలలో కూడా పచ్చగా ఉండేది. ఒక ఏడు చేమ డబ్బాను కూడా అక్కడికే జరిపాను. మంచి జాగా దొరికిందని సంతోషపడ్డాను కూడా. మూడు నెలలు ఆ చెమట అందులో పడింది. మిర్గం వచ్చింది, వానలు పడ్డాయి, ఏమీ లేవలేదు. డబ్బా బోర్లించి చూస్తే గడ్డలు చేతిలో గంజిలా జారిపోయాయి.

చిన్నమ్మమ్మ అడిగితే ఎండకు పోయాయని చెప్పాను. ఆమె నమ్మింది. "డబ్బల గీ ఎండకు ఏముంటది అక్కా, నేను రెండు గడ్డలిస్త పట్టు" అంది. కుండీలో నిలవవు, వద్దన్నాను. నాలుగేళ్ళు అట్లాగే గడిచాయి. ఆ నాలుగేళ్ళూ అత్తమ్మ మొక్క అంటే చిన్నమ్మమ్మ నేలలో ఉన్నదొక్కటే.

నాలుగో ఏడు చిన్నమ్మమ్మ కొడుకు పెండ్లి పెట్టుకున్నారు. వేసవి పెండ్లి. పందిరి పడాలి, చుట్టాలు కూర్చోవాలి అని వెనక జాగా అంతా సిమెంటు వేయిద్దామనుకున్నారు. పాత జాలారు కొట్టేశారు. తోముడు బండ తీసేశారు. ట్రాక్టరుతో మొరం తెచ్చి పరిచి దిమ్మిస తొక్కించారు. నేను టీ గ్లాసు పట్టుకుని చూస్తూ నిలబడ్డాను. అప్పుడు తట్టింది. ఆ మొరం కింద ఎక్కడో గడ్డలు పడుకుని ఉన్నాయి. పైన ఒక్క ఆకు లేదు, ఒక్క గుర్తు లేదు. మర్నాడు పొద్దున సిమెంటు.

పిలిస్తే చిన్నమ్మమ్మ పెండ్లి పత్రికలు చేతిలో పట్టుకునే వచ్చింది. "చెల్లె, చేమగడ్డలు?" అన్నాను. ఆమె మొరం వంక చూసింది.

"ఈడనే ఉండె అక్కా. బండ పక్కకు."

"బండ ఏడుండె?"

"ఏమో. జాలారు గోడనే లేకపాయె, ఎట్ల చెప్పుదు?"

మేస్త్రి రెండు చోట్ల గడ్డపారతో పొడిచి చూశాడు. ఏమీ లేదు. జాగా అంతా తవ్వితే దిమ్మిస పని మళ్ళీ చేయాలని సణిగాడు. చిన్నమ్మమ్మ పత్రికలు నాకిచ్చి, చీర చెక్కుకుని, మొరం మీద గొంతుక్కూర్చుంది. కొద్దిగా జరిగింది. మళ్ళీ జరిగింది. కళ్ళు మూసుకుని, లేని గిన్నెను లేని బూడిదతో తోమడం మొదలుపెట్టింది.

"ఏందమ్మా, గిన్నెలు లేకుంటనే తోముతున్నవు? పెండ్లి పరేషాన్ల దిమాక్ గిట్ల ఖరాబయిందా?" అన్నాడు మేస్త్రి.

"నువ్వు జర ఊకో." చెయ్యి ఆగలేదు. "ముప్పై ఏండ్లు తోమిన. గీడ కూసుంటె వంటింటి కిటికీ ఎదురుంగ కనవడేది. ఎడమ మోచేతికి ఆకు తాకేది." కిటికీ సరిగ్గా ఎదురుగా వచ్చేదాకా జరిగి, ఎడమ మోచెయ్యి చాచింది. "గీడ. తవ్వు."

మోచెయ్యి చూపిన చోటికి జానెడు అవతల దొరికాయి. అన్నీ ఏడు. అల్లం ముక్కంతవి కొన్ని, ఉల్లిగడ్డంతవి కొన్ని. ఆమె కొంగులో వేసుకుని మట్టి తుడిచి నా ముందు పెట్టింది.

"నీ డబ్బల పెట్టుకో అక్కా. గీ పెండ్లి పనుల నాతోని కాదు. డబ్బలు నీకెరుకే గద."

నేను తీసుకోలేదు. ఇంకోసారి చాచింది. అప్పుడు చెప్పక తప్పలేదు.

"నాయి ఎండకు పోలే చెల్లె. నేనే కుళ్ళబెట్టిన. రంజన్ కింద పెట్టిన."

ఆమె చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంది. "నాలుగేండ్ల సంది ఎండ అంటివి."

"అన్న."

"నేనిస్తనంటె డబ్బల నిలవయి, వద్దంటివి."

"అన్న."

"అత్తమ్మ ఉంటె నిన్ను గదే రంజన్ల ముంచుతుండె." అని లేచి వంటింట్లోకి పోయింది. నేను పత్రికల మీద పేర్లు రాస్తూ అక్కడే కూర్చున్నాను.

మధ్యాహ్నం వచ్చి తనే పాళ్ళు పెట్టింది. నాలుగు గడ్డలు నా ఖాళీ డబ్బాలో ఎండు ఇసుకలో పెట్టి, పైన పాత పంచె గుడ్డ కట్టి ముడివేసింది. "మిర్గం దాక ఇప్పద్దు. ముడి నాకెరుక" అంది. మిగతా మూడు ఇంటి గోడ పొడవునా నేలలోనే పెడతానంది. అక్కడ జానెడు పట్టీ సిమెంటు వేయకుండా వదలమని మేస్త్రికి చెప్పింది.

"గోడకు నీళ్ళు దిగుతయమ్మా" అన్నాడతను.

"నా గోడ. దిగనియ్యి."

డబ్బాను లోపలి అర్రలో బియ్యం సంచుల మీది చెక్క మీద పెట్టాను. పొద్దున మొక్కలన్నిటికీ నీళ్ళు పోసేటప్పుడు చెంబులో అడుగున కొంచెం మిగిలేది. కాళ్ళు వాటంతట అవే ఆ అర్ర వైపు పోయేవి. గడప దగ్గర ఆగి, ఆ నీళ్ళు మనీ ప్లాంటుకు పోసేదాన్ని. ఆ ఏడు మనీ ప్లాంటు మాత్రం బాగా పాకింది. ఒకరోజు ఆగలేక గుడ్డ మీద నుంచి వేలితో నొక్కి చూశాను. గడ్డ గట్టిగా తగిలింది. ముడి విప్పలేదు.

వెనక సిమెంటు పడింది. పది రోజులు తడి ఆరనివ్వద్దని మేస్త్రి చెప్పాడు. చిన్నమ్మమ్మ సిమెంటు మీద మట్టితో చిన్న చిన్న గట్లు కట్టి, పొద్దున సాయంత్రం మడి పారించినట్టు నీళ్ళు నింపింది. పగుళ్ళు రాకూడదని ఆమె తాపత్రయం. నేను కూడా పైపు పట్టుకున్నాను. పట్టీలోకి ఆ సిమెంటు నీళ్ళు దిగుతున్నాయని మా ఇద్దరికీ తట్టలేదు. పెండ్లి బాగా జరిగింది.

మిర్గం నాడు ఆమెను పిలిచి ముడి విప్పించాను. నాలుగింటిలో మూడు లేచాయి. చుట్టిన బీడీలా సన్నని మొనలు, తెలుపు మీద కొంచెం ఎరుపు. నాలుగోది ఎండి తొక్క మిగిలింది. తర్వాత నెలరోజులు గోడ పక్కన పట్టీని చూశాం. ఆఖరుకు ఆమె తవ్వింది. సున్నం పట్టిన మట్టి, దాని నడుమ వాసన, గడ్డలు లేవు.

చేతులు కడుక్కుని వచ్చి నా అరుగు మీద కూర్చుంది. "అక్కా, నేను గూడ రంజన్ కిందనే పెట్టిన పో" అంది.

మూడింటిలో ఒకటి ఆమెకిచ్చాను. ఆమె ఇంట్లో ఇప్పుడు మట్టి లేదు కాబట్టి డబ్బాలో పెట్టింది. బొక్కలు నేనే పొడిచి ఇచ్చాను. ఒకటి నా వంటింటి వెనక మిగిలిన కొద్ది నేలలో, జామచెట్టు నీడలో నాటాను. నేలలోది ఆకు పెద్దది, రంగు తక్కువ. డబ్బాలోది ఆకు చిన్నది, రంగు ముదురు. ఎందుకో నాకు తెలియదు. ఏ మట్టి మేలో కూడా చెప్పలేను. పడుకున్నప్పుడు నీళ్ళు పడకపోతే రెండింట్లోనూ బతుకుతుంది, అంతవరకు చెప్పగలను. నా డబ్బాలోనే ఉంచిన మూడోది పిల్ల పెట్టాక, పోయినసారి సెలవుకు వచ్చినప్పుడు మీ అమ్మ ఒక గడ్డ తీసుకుపోయింది. మీ కుండీలో ఉన్నది అదే.

కాబట్టి పారేయకండి. కుండీని లోపల, పొడిగా, చీకటిగా ఉన్న మూలలో పెట్టండి. ఏసీ నీళ్ళు వేరే బకెట్టులో పట్టండి. ఇక్కడ మిర్గం వచ్చినరోజు నేను ఫోను చేస్తాను, ఆ రోజు మొదటి గ్లాసు పోయండి. నడుమ వేలు పెట్టి నొక్కి చూడాలనిపిస్తే ఒక్కసారి చూడండి, గట్టిగా తగిలితే చెయ్యి తీసేయండి.

ఇదంతా చిన్నమ్మమ్మకు చదివి వినిపించాను. రంజన్ సంగతి రాసినందుకు నవ్వింది, సిమెంటు సంగతి రాసినందుకు నవ్వలేదు. చివర తన మాట ఒకటి రాయమంది: "ఆ పిలగానికి చెప్పు. నీళ్ళు పొయ్యక చెయ్యి ఊకుంటలేకుంటె, పక్క చెట్టుకు పొయ్యుమను."