ఒక బ్రేకు, రెండు కాళ్ళు

బ్రేకు ప్యాడ్లు ఎన్నాళ్ళు వస్తాయని కంపెనీ వాళ్ళని అడగండి, కిలోమీటర్ల లెక్క చెబుతారు. ఆ లెక్క చెబితే మా మేస్త్రికి నవ్వొచ్చేది. "ప్యాడ్లు కిలోమీటర్లకి అరగవు సార్, కాలికి అరుగుతాయి" అనేవాడు. ఒకే రోజు కొన్న రెండు కార్లు తెచ్చి పెట్టండి. ఎర్ర దీపాన్ని దూరం నుంచే చూసి యాక్సిలరేటరు మీంచి కాలు తీసేసే మనిషికి అరవై వేలు వస్తాయి. దాని ముందుదాకా ఉరికి, అప్పుడు గభాలున తొక్కే మనిషికి ఇరవై వేలకే చీటీ చిరుగుతుంది. పైగా వచ్చి మేస్త్రి మీద అరుస్తాడు, నకిలీ సరుకు వేశావని!

నలభై ఏళ్ళుగా బ్రేకులే ఆయన పని. రేకుల షెడ్డు, నేల మీద ఆరని నూనె మరక, గోడకి స్పానర్లు. చక్రం విప్పి, ప్యాడు తీసి, బొటనవేలితో ఒకసారి నిమిరి, ముక్కు దగ్గర పెట్టుకుని, బండి తోలే మనిషి గుణం చెప్పేసేవాడు. "మీరు ఊరికే బ్రేకు మీద కాలు ఆనించి ఉంచుతారు." "మీరు డిక్కీలో సామాను దింపకుండా ఏడాది పొడుగునా మోస్తారు." చెప్పినవి చెప్పినట్టు సరిపోయేవి. జనం నోరెళ్ళబెట్టేవారు. బండి బాగున్నా సరే, తమ గురించి ఏం చెబుతాడో విందామని వచ్చేవాళ్ళూ ఉండేవారు. ఆయన కూడా ఆ పొగడ్తకి బాగా రుచి మరిగాడు. అక్కడే వచ్చింది తంటా అంతా.

ఆరేళ్ళ కిందట ఒక లెక్కల టీచరు తన కారు తెచ్చింది. చక్రం విప్పకముందే మేస్త్రి, రిమ్ముకి ప్యాడు అరిగిన నల్ల పొడి లేకపోవడం చూసి, "మీది మెత్తటి కాలు టీచరమ్మా, ఈ ప్యాడ్లు మీకు ఇంకో ఏడాది ఢోకా లేదు" అన్నాడు. ఆమె మురిసిపోయింది. "మా ఆయనకి చెప్పాలి ఈ మాట! నేను నత్తలా నడుపుతానని ఒకటే ఎగతాళి" అంది. షెడ్డులో ఉన్నవాళ్ళంతా నవ్వారు.

తర్వాత విప్పాడు. నాలుగు మిల్లీమీటర్లు ఉంది ప్యాడు, ఇంకా పనికొచ్చే మందమే. కానీ పైభాగం అద్దంలా నున్నగా మెరుస్తోంది, అంచు మాడి ఉంది. అది మెత్తటి కాలి పని కాదు. గేరు తీసేసి, బండిని న్యూట్రల్‌లో వదిలేసి, వాలు పొడుగునా బ్రేకు మీదే కాలేసి దిగే మనిషి పని. ఈ బండికి రెండు కాళ్ళు ఉన్నాయి. "ఇంకెవరు నడుపుతారమ్మా?" అని అడగాలి. అడిగితే ఇందాకటి మాట పోతుంది, ఇందాకటి నవ్వూ పోతుంది. మేస్త్రి అడగలేదు. చక్రం బిగించేశాడు.

నెల తిరగకుండా టీచరు భర్తకి కొండ మీది ఆఫీసుకి బదిలీ అయింది. పెట్రోలు కలిసొస్తుందని, పాత అలవాటు ప్రకారం, రోజూ న్యూట్రల్‌లో దిగేవాడట. రెండో నెల ఆఖరున ఒక మధ్యాహ్నం మూడో మలుపు దగ్గర బండి ఆగలేదు. ఆయన ఒక్కడే ఉన్నాడు అందులో.

నుజ్జయిన కారుని మేస్త్రి షెడ్డుకే లాక్కొచ్చారు. వెంట వచ్చిన ఆఫీసు స్నేహితుడు కళ్ళు తుడుచుకుంటూ అన్నాడు, "వారం నుంచి గీరుతున్న చప్పుడు వస్తోంది, చూపించుకోరా అంటే, మేస్త్రి ఏడాది ఢోకా లేదన్నాడ్రా అన్నాడండీ." మేస్త్రి చేతిలో స్పానరు చేతిలోనే ఉండిపోయింది. విప్పి చూస్తే ప్యాడు లేదు. ఇనుము మీద ఇనుము రాసుకుని డిస్కు నీలంగా కమిలిపోయి ఉంది. ఇన్సూరెన్సు మనిషి కాగితం పట్టుకుని అడిగాడు, బండిలో లోపమా, మనిషిలోనా అని. "నడిపిన తీరులో" అన్నాడు మేస్త్రి. అబద్ధం కాదది. కానీ పూర్తి నిజమూ కాదు.

ఆ ఒక్క మాట ఊరంతా తిరిగి తిరిగి, పెళ్ళాం బిడ్డల్ని తలుచుకోకుండా దూకుడుగా పోయాడు మహానుభావుడు, అనే దాకా వచ్చింది. ఊరి నోటికి మూతెవడు పెడతాడు?

ఆనాటి నుంచి మేస్త్రికి కుదురు లేదు. కుర్చీలో కూర్చుని అన్నం తింటూ ఉంటే కుడికాలు దానంతటదే నేలని తొక్కేది. బస్సులో మలుపు వస్తే చాలు, ముందు సీటు కింద కాలు బిగదన్ని చెమటలు కక్కేవాడు. "ఏదో మాడుతోందే, పొయ్యి చూడు" అని భార్యని లేపేవాడు. "పొయ్యి ఆర్పి మూడు గంటలైంది, మీ బుర్రే మాడుతోంది, డాక్టరుకి చూపించుకోండి" అని ఆవిడ విసుక్కునేది. అన్నింటికన్నా భయం, బాగుచేసిన బండిని పరీక్షకి తిప్పినప్పుడు. బ్రేకు తొక్కితే తన పాదం కింద ఇంకో పాదం ఉన్నట్టుండేది. తనకన్నా ముందే తొక్కి, అలాగే నొక్కిపట్టి ఉన్నట్టు. కిందికి చూసే ధైర్యం ఉండేది కాదు.

గుణం చెప్పడం మానేశాడు. ఎవరు వచ్చినా, ప్యాడు ఎంత మందం ఉన్నా, పీకి కొత్తది వేసేవాడు. దాంతో మంచి ప్యాడ్లు పీకే మేస్త్రి అని పేరు పడింది. నలభై ఏళ్ళ పేరు నాలుగేళ్ళలో గంగలో కలిసింది. పోనీ, అన్నాడు.

మొన్న ఒక ఉదయం టీచరు ఇంకో కారులో వచ్చింది. వెంట ఇరవై ఏళ్ళ కూతురు. స్టీరింగు ముందు కూర్చున్నది ఆ పిల్లే. టీచరు పక్కకి పిలిచి, గొంతు తగ్గించి అంది:

"దీనికి లైసెన్సు వచ్చి ఏడాదైంది మేస్త్రిగారూ, అప్పట్నుంచి ఈ బండి ఇదే నడుపుతోంది. వచ్చే వారం నుంచి కొండ మీద ఉద్యోగం. వద్దంటే వినదు. ప్యాడ్లు చూసి చెప్పండి. నాలా నడుపుతోందా, వాళ్ళ నాన్నలానా?"

"ఇప్పుడు అలా చెప్పడం లేదమ్మా."

"నాకోసం చెప్పండి. ఆయన పోయినప్పుడు నేను ఏడవలేదు తెలుసా? కోపం. బ్రేకు మీద కాలు వెయ్యడానికి కూడా తీరిక లేకపోయిందా ఆ మనిషికి అని. ఫొటో కూడా పెట్టలేదు ఇంట్లో."

మేస్త్రి బండిని జాకీ మీదికి ఎత్తాడు. ప్యాడు చేతిలోకి వచ్చింది. నున్నటి మెరుపు. మాడిన అంచు. మిల్లీమీటరున్నర. అదే కాలు! తండ్రి దగ్గర నేర్చుకున్నదీ కాదు, తండ్రి పక్కన కూర్చుని చూసింది అంతే.

నిజం చెప్పేయాలి. కానీ ఇప్పుడు చెబితే ఈవిడ బండి తీసుకుని వెళ్ళిపోతుంది, ఈ ప్యాడ్లతోనే వెళుతుంది. అందుకని నోరు కట్టేసుకుని ముందు పని చేశాడు. నాలుగు చక్రాలకీ కొత్త ప్యాడ్లు, కొత్త డిస్కులు, కొత్త బ్రేకు ఆయిలు. వీధి చివరిదాకా తిప్పి, నాలుగుసార్లు తొక్కి చూసి తెచ్చాడు. అప్పుడు, చేతులు కూడా తుడుచుకోకుండా, వాళ్ళిద్దరి ముందూ నిలబడి చెప్పాడు. ఆరేళ్ళ కిందట ఆ రోజు మాడిన అంచు చూశానని. ఎవరు నడుపుతారో అడగలేదని. ఎందుకు అడగలేదో కూడా. ఆ స్నేహితుడు చెప్పిన మాట కూడా దాచలేదు.

కూతురే ముందు నోరు విప్పింది.

"అయితే నాన్న బ్రేకు వేశాడా?"

"వేశాడు తల్లీ. ప్యాడు మొత్తం అయిపోయి ఇనుము తగిలినా వదల్లేదు. డిస్కు నీలంగా కమిలిపోయేదాకా తొక్కాడు. మీ నాన్న ఆఖరిదాకా ఆపాలనే చూశాడమ్మా."

పిల్ల రెండు చేతులతో ముఖం కప్పుకుంది. మేస్త్రి ఆ తర్వాత చెప్పాల్సిందీ చెప్పాడు, నువ్వూ అలాగే దిగుతున్నావు, వాలులో రెండో గేరు వెయ్యి, బ్రేకు తొక్కి వదులు, తొక్కి వదులు, దాని మీదే కూర్చోకు అని. పిల్ల ఏడుస్తూనే తలాడించింది.

టీచరు తిడుతుందేమో, కొడుతుందేమో అని మేస్త్రి తల వంచుకుని ఎదురుచూశాడు. కొడితే బాగుండునని కూడా అనుకున్నాడు. ఆమెకి ఆరేళ్ళనాటి ఏడుపు ఇప్పుడు వచ్చింది, చప్పుడు లేకుండా, కొంగు తడిసేటట్టు.

"మీరు తప్పు చేశారు" అంది చివరికి. "ఇవాళ నాకు చెప్పుకున్నారు. ఆరేళ్ళు ఆయన్ని తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాను. నేనెవరికి చెప్పుకోను మేస్త్రిగారూ?"